కథానాయిక బస్సెక్కకముందు

కొత్తూరులో కూర్చుని కథ రాసేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. తల ఎత్తితే శంషాబాద్‌లో దిగబోయే విమానం, తల దించితే 44వ నంబరు జాతీయ రహదారి. ఆ రోడ్డు ఇటు హైదరాబాదుకు పోతుంది, అటు బెంగళూరుకు పోతుంది. పాత్రను ఊళ్లోంచి బయటపడేయాలంటే పెద్దగా శ్రమపడక్కర్లేదు, రోడ్డుదాకా నడిపిస్తే చాలు. అందుకే కాబోలు, ఈ చుట్టుపక్కల కుర్రకారు రాసి చూపించే కథల్లో నాయకుడు మూడో పేజీకల్లా బస్సెక్కేస్తాడు. కిటికీ పక్కన కూర్చుంటాడు. చెట్లు వెనక్కి పరుగెడతాయి. అతను ఎదిగిపోయాడని మనం నమ్మాలి.

నాకైతే నమ్మకం కుదరదు. చెట్లు వెనక్కి పోవడంలో గొప్పంతా డ్రైవరుది.

ఎదగడం అనేది వెళ్లిపోవడానికి చాలా ముందే మొదలవుతుంది. ఒక్కోసారి ఎక్కడికీ వెళ్లకుండానే పూర్తవుతుంది కూడా. మనిషికి తన బతుకు సరిపోతున్న రోజులు కొన్ని ఉంటాయి. ఆ తర్వాత ఎప్పుడో, ఏదో ఒక మామూలు పూట, అది సరిపోవడం మానేస్తుంది. ఆ పూట ఏం జరిగిందో కనిపెట్టడమే కథకుడికి అసలు పని. అది చాలా చిన్న సంగతై ఉంటుంది. ఇంట్లోవాళ్లు గమనించరు, చాలాసార్లు ఆ మనిషే గమనించదు. పాఠకుడు మాత్రం గమనించాలి. చిక్కంతా అక్కడే.

ఊరికే సిద్ధాంతం చెబితే నిద్ర వస్తుంది కాబట్టి ఒక పాత్రను తయారుచేసి పక్కన పెట్టుకుందాం. ఆడపిల్ల, ఇరవై రెండేళ్లు, పేరు తర్వాత చూద్దాం. ఇంటర్ పాసైంది, డిగ్రీ మధ్యలో ఆపేసింది. కొత్తూరు చుట్టూ మందుల కంపెనీలున్నాయి, ఉక్కు ఫ్యాక్టరీలున్నాయి, గోదాములున్నాయి. వాటిలో ఒకదాంట్లో ప్యాకింగ్ సెక్షన్లో పని. కాంట్రాక్టు కింద. పొద్దుటి షిఫ్టు అయితే తెల్లవారకముందే కంపెనీ బస్సు వస్తుంది. డబ్బాల మీద లేబుళ్లు సరిగా పడ్డాయో లేదో చూడాలి, వంకరగా పడినవి పక్కకు తీయాలి. జీతం అమ్మ చేతికి పోతుంది, అందులో కొంత చిట్టీకి. బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఒకే స్నేహితురాలిది. గురువారం సెలవు కలిసొస్తే ఇద్దరూ ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గాకు పోయొస్తారు. పండక్కి ఒకే రంగు డ్రెస్సులు కొనుక్కుంటారు.

ఇందులో ఒక్క కన్నీటి చుక్క లేదని గమనించండి. కొత్త రచయితలు ఇక్కడ ఆగలేరు. ఇరుకు బతుకు అనగానే తాగుబోతు తండ్రిని తెస్తారు, కారే కప్పును తెస్తారు, చాలదన్నట్టు గయ్యాళి మేనత్తను దించుతారు. అలాంటి ఇంట్లోంచి ఎవరైనా పారిపోతారు. పారిపోవడానికి పాత్ర అక్కర్లేదు, కాళ్లుంటే చాలు. నిజానికి ఇరుకు బతుకు మనిషిని పట్టి ఉంచేది బాధ పెట్టి కాదు, ఏదో ఒకటి ఇచ్చి. వేళకు బస్సు, పక్కన మనిషి, నెల తిరిగేసరికి చిట్టీ, అమ్మ ముఖంలో కాస్త నిశ్చింత. ఇవన్నీ పాఠకుడికి కూడా కొంచెం నచ్చాలి. అప్పుడే వాటిని దాటి పోవడానికి ఎంత ఖర్చవుతుందో అతనికి తెలుస్తుంది.

ఇంకో పొరపాటు ఈ ప్రాంతానికే ప్రత్యేకం. విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండే కొత్తూరు 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు రంగారెడ్డిలోకి వచ్చింది. పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లకు రంగు జెండాలు మొలిచాయి. దీన్ని పట్టుకుని, భూమి అమ్మి కారు కొన్నవాణ్ణి ఎదిగిన మనిషిగా చూపించే కథలు వస్తున్నాయి. ధర పెరిగింది ఎకరానికి. దాని మీద నిలబడ్డ మనిషి ఎంత పెరిగాడో విడిగా కొలవాలి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ లెక్క చూడరు.

సరే, ఎదగడం దేంతో మొదలవుతుంది? చాలామంది చెప్పే జవాబు, తెలివిడితో అని. తన బతుకు ఇరుకని మనిషికి తెలియాలి, తెలిస్తే దాటుతాడు. వినడానికి బాగుంది. తెలుగు నవల దీన్ని ఎప్పుడో పరీక్షించి చూసింది, ఫలితం ఏమంత ఆశాజనకంగా రాలేదు.

రావిశాస్త్రి రాసిన ‘అల్పజీవి’లో సుబ్బయ్య గుమాస్తా. భార్యకు భయపడతాడు, బావమరిదికి భయపడతాడు, రోడ్డు మీద గట్టిగా మాట్లాడేవాళ్లందరికీ భయపడతాడు. బావమరిది ఒత్తిడికి తలొగ్గి గవరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర నాలుగు వేలు అప్పు ఇప్పించి, ఆ అప్పు తీరక కుమిలిపోతాడు. రావిశాస్త్రి ఈ భయాన్ని బయటినుంచి వర్ణించలేదు, సుబ్బయ్య తలలో కూర్చుని ఒక తలపు వెంట ఇంకో తలపుగా రాసుకుంటూ పోయాడు. అక్కడినుంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. సుబ్బయ్యకు తన ఇరుకు బాగా తెలుసు. మనందరికన్నా బాగా తెలుసు, గంటకోసారి గుర్తుచేసుకుంటాడు. తెలిసినంత మాత్రాన అతని వెన్ను నిటారవదు.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ఇంకా కటువైనది. సీతారామారావు పుట్టుకతో ఇరుకువాడు కాదు. పేరున్న తండ్రికి కొడుకు, ఆస్తిపరుడు. వంశం పేరు నిలబెట్టే దాతృత్వంలో ఆస్తి పోతుంది, ఆ తర్వాత ప్రతిదాన్నీ తర్కంతో కోసి చూడటం మొదలుపెడతాడు. బంధాలను కోస్తాడు, విలువలను కోస్తాడు, చివరికి కోయడానికి తను తప్ప ఏమీ మిగలదు. ప్రశ్నించడం నేర్పినందుకు గోపీచంద్ తన తండ్రి త్రిపురనేని రామస్వామికి అంకితమిచ్చిన నవలలో ఆ ప్రశ్నలే నాయకుణ్ణి తినేస్తాయి. అంకితాలు రాసేటప్పుడు రచయితలు ఇంత నిక్కచ్చిగా ఉండటం అరుదు. నేను చదువుకున్నంతలో సీతారామారావు లోపం ప్రశ్నల్లో లేదు. ప్రశ్న వేశాక చేతులు ఏం చేయాలో అతనికి దొరకలేదు.

కథకుడు పట్టుకోవాల్సిన కొస ఇక్కడ ఉంది. తలలో పుట్టిన అసంతృప్తికి చేతిలో ఒక పని దొరకాలి. ఆ పని చేసుకోవడానికి ఒక చోటు కూడా దొరకాలి. ఆ చోటు పాత ఇల్లు కాకూడదు, అలాగని పూర్తిగా కొత్త లోకమూ కాకూడదు.

వట్టికోట ఆళ్వారుస్వామి జీవితాన్ని చూడండి. 1915లో నల్లగొండ జిల్లాలో పేద కుటుంబంలో పుట్టాడు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు సంపాదించుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలంగాణ రచయితల పుస్తకాలు అచ్చువేశాడు. నిజాం కాలంలో జైలుకు పోయాడు. నిజామాబాద్ జైల్లో కవి దాశరథి అతనికి తోటి ఖైదీ, ఆ తర్వాత తన కవితా సంపుటి ‘అగ్నిధార’ను అతనికే అంకితమిచ్చాడు. తెలంగాణ పల్లె తిరగబడటం మీద ‘ప్రజల మనిషి’ నవల రాసి 1961లో పోయాడు.

దీన్ని కథగా రాయమంటే పదిమందిలో తొమ్మిదిమంది జైలు దగ్గర మొదలుపెడతారు. జైలు చూడ్డానికి బాగుంటుంది, గోడలుంటాయి, సంకెళ్లుంటాయి, సినిమా తీస్తే నేపథ్య సంగీతానికి చోటుంటుంది. కానీ జైలుకు వచ్చేసరికి ఆ మనిషి ఎదగడం ఎప్పుడో మొదలైపోయింది. నన్ను రాయమంటే వంటింట్లో మొదలుపెడతాను. ఆ వంటిల్లు అతని ఇల్లు కాదు, బడి కూడా కాదు. అక్కడ చేసేది తెలిసిన పనే, పొయ్యి ఊదడం, గిన్నెలు దించడం. పక్క గదిలో మాత్రం పుస్తకాలున్నాయి, వాటిని చదివే మనిషి ఉన్నాడు. కుర్రవాడు అన్నం వార్చడానికి పట్టే సమయం ఎంతో అక్షరాలకు దొరికే సమయం అంతే. ఇలాంటి సన్నివేశంలో ‘నేనిలా ఎన్నాళ్లు’ అని పాత్ర చేత అనిపించాల్సిన పనే లేదు. అన్నం ఒక్కసారి మాడితే చాలు, పాఠకుడికి అర్థమవుతుంది.

తర్వాతి ప్రూఫుల పని కూడా అటువంటి మధ్య చోటే. అచ్చుతప్పులు దిద్దేవాడు ఇతరుల వాక్యాన్ని రాసినవాడి కన్నా నెమ్మదిగా చదువుతాడు. చదివిన ప్రతి వాక్యం తనది కాదని గుర్తుంటుంది. కొన్నాళ్లకు తనదైతే ఎలా రాసేవాణ్ణో కూడా తోస్తుంది. ఆ తోచడానికీ 1938 గ్రంథమాలకూ మధ్య దూరం పెద్దదే కావచ్చు, దారి మాత్రం ఒకటే.

మా రంగారెడ్డి జిల్లాలోనే ఈ మధ్య చోటును కథకులకన్నా ముందు కనిపెట్టినవాళ్లున్నారు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో ఇక్కడి పల్లెల్లో వెట్టిలో, కూలిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. వాళ్లకు ఎదురైన చిక్కు చాలా మామూలుది. పదేళ్ల వయసుదాకా పశువులు కాసిన పిల్లను తెచ్చి ఒకటో తరగతిలో అయిదేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో నాలుగో రోజు పారిపోతుంది. అయిదో తరగతిలో కూర్చోబెడితే ఏమీ అర్థంకాక మూడో రోజే పారిపోతుంది. అందుకని బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టారు. పిల్లలు కొన్నాళ్లు అక్కడ ఉండి, వయసుకు తగిన తరగతికి సరిపడా నేర్చుకుని, అప్పుడు బడికి పోతారు. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ ఉండదన్న మాట కూడా ఆ పనిలో నిలబడలేదు. వాళ్ల దగ్గర ఆశ ఉంది, దారి లేదు. కథల్లో పాత్రలను పొలంలోంచి నేరుగా కలెక్టరాఫీసుకు దూకించేవాళ్లు ఒకసారి ఆ శిబిరాల సంగతి చదివితే బాగుంటుంది.

చింతకింది మల్లేశం కథలో ఈ మధ్య చోటు హైదరాబాదులోని బాలానగర్. ఆలేరు దగ్గర శారాజీపేటలో చేనేత కుటుంబం, ఆరో తరగతితో చదువు ఆగింది. పోచంపల్లి రకం చీరకు దారాన్ని ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ చేత్తో దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు, నాలుగైదు గంటలు. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మికి భుజం పడిపోయేది. కొడుకు యంత్రం చేస్తానని 1992లో కూర్చున్నాడు. డబ్బు అయిపోయింది, ఊరివాళ్లకు అతనొక వేళాకోళం అయ్యాడు. హైదరాబాదు వచ్చి కూలికి పనిచేస్తూ మిగిలిన చిక్కును తలలో పెట్టుకుని తిరిగాడు. బాలానగర్‌లో పనికి పోయిన చోట ఒక యంత్రం కదలిక చూసి, తన ఆసు యంత్రంలో తెగని ముడి ఎలా విప్పాలో పట్టుకున్నాడు. 1999కి యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ, 2019లో ‘మల్లేశం’ సినిమా.

ఇతని కథ నాకు ఇష్టం కావడానికి కారణం, అతను నేతపని వదిలిపెట్టి ఎదగలేదు. అదే పనిలో ఉండి, దాని కొలత మార్చాడు. నగరానికి పోయాడు, అయితే నగరం అతనికి గమ్యం కాదు, వర్క్‌షాపు. తెలుగు సినిమాల్లో నగరానికి వచ్చినవాడికి ఇంత స్పష్టమైన పని ఉండటం తక్కువ, సాధారణంగా ప్రేమలో పడతాడు.

ఇక్కడివరకు వచ్చాక ఒక సందేహం వస్తుంది. ఎదగడం మొదలైందని పాఠకుడికి ఎలా తెలియజేయాలి? పాత్ర చేత చెప్పిస్తే ఉపన్యాసం అవుతుంది, రచయిత చెబితే ఇంకా అన్యాయం. నా అనుభవంలో పనికొచ్చే ఉపాయం ఒక్కటే. ఎదుగుదలను మొదట గమనించేది దానివల్ల నష్టపోయేవాళ్లు. వాళ్ల కళ్లతో చూపించాలి.

రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’లో జానకి పుస్తకాలు చదవడం ఎవరికి ముందు కంటగింపు అవుతుంది? ఆమె చదవకుండా ఉంటే సుఖపడే ఇంటికి. ఆ నవల వారపత్రికలో ధారావాహికగా వస్తూ వస్తూ, నిరసనల మధ్య ఆగిపోయింది కూడా. అంటే జానకి ఎదుగుతోందని నవలలోని అత్తింటివాళ్లతోపాటు నవల బయటివాళ్లు కొందరు కూడా పసిగట్టారన్నమాట. ఒక రచయిత్రికి ఇంతకు మించిన విమర్శకుల ప్రశంస దొరకదు. ఓల్గా 1987 నవల ‘స్వేచ్ఛ’లో అరుణ పుట్టింటి ఆంక్షల్లోంచి బయటపడే తలుపు పెళ్లే అనుకుంటుంది, ప్రేమించినవాణ్ణే చేసుకుంటుంది. తీరా చూస్తే గుమ్మం మారింది, ఆంక్ష మారలేదు. భర్త దుర్మార్గుడు కాదు. అరుణకు ఇంటి బయట పని, ఆలోచన, మనుషులు కావాల్సి వచ్చినప్పుడు దాన్ని మొదట లెక్కగట్టేది అతనే, ఎందుకంటే ఆ గంటలు తగ్గేది అతని ఖాతాలో. బస్సెక్కడం ఎదుగుదల కాదని నేను ఇంతసేపు చెప్పింది ఓల్గా పెళ్లి విషయంలో ముందే చెప్పేసింది. ఆమె ‘విముక్త’ కథల్లో సీత ముక్కుచెవులు పోయిన శూర్పణఖను కలుస్తుంది, శూర్పణఖ పెంచిన తోటను చూస్తుంది. అక్కడ యుద్ధాలు లేవు, శపథాలు లేవు. ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటారు. రాముడు పక్కన లేని ఆ కాసేపట్లో సీతకు పాత లెక్కలు సరిపోవడం మానేస్తాయి.

ఇప్పుడు మన ప్యాకింగ్ సెక్షన్ పిల్ల దగ్గరికి వద్దాం, ఇంతసేపూ లేబుళ్లు చూస్తూ కూర్చుంది. ఒక వారం లైన్ సూపర్‌వైజరు సెలవు పెట్టాడు. షిఫ్టు రిజిస్టరు రాయమని ఆ పిల్లకు అప్పగించారు, ఇంటర్ చదివింది కదా అని. గంటకు ఎన్ని డబ్బాలు పోయాయి, లైను ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది. దీనికి అదనంగా పైసా ఇవ్వరు. మూడో రోజు ఆమెకు ఒక సంగతి కనబడుతుంది. లైను రోజూ రెండో గంటలోనే ఆగుతోంది, లేబుల్ రోలు మార్చిన వెంటనే. పాత పేజీలు తిరగేస్తుంది. అక్కడ కారణాల గడిలో ప్రతిసారీ ఒకటే మాట రాసి ఉంది, ‘ఆపరేటర్ ఆలస్యం’ అని. ఆ ఆపరేటర్లంటే తనూ తన స్నేహితురాలూ.

ఇంతే. ఇంతకన్నా పెద్దది వద్దు. మేనేజరు పిలిచి భుజం తట్టే సీను రాయాలని చెయ్యి దురద పెడుతుంది, రాయకండి. ఆ రోజు పాత పేజీలు చూస్తూ మొదటి బస్సు తప్పిపోతుంది. ఇంటికి పోయేసరికి చీకటి పడుతుంది.

“గింత ఆల్శెమైందేందే?”

“బస్సు లేటొచ్చిందమ్మా.”

ఈ అబద్ధం కథకు చాలా విలువైంది. దాచాల్సిన తప్పేమీ ఆమె చేయలేదు. అయినా దాచింది. అమ్మకు చెబితే అది అమ్మ సంగతి అయిపోతుంది, చిట్టీ లాగా, జీతం లాగా. మొట్టమొదటిసారి తనకంటూ ఒకటి ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అబద్ధం వెనక పెట్టింది. దీన్ని ఇలా వివరించి రాయకూడదు సుమా. నేను విశ్లేషణ రాస్తున్నాను కాబట్టి చెల్లుతుంది.

ఇక నష్టపోయే మనిషి ఎవరు? అమ్మ కాదు, జీతం వస్తూనే ఉంది. పక్క సీటు స్నేహితురాలు. బస్సులో వాళ్లిద్దరికీ ఒక అలవాటు ఉంది, సూపర్‌వైజరు నడకను వెక్కిరించి నవ్వుకోవడం. ఒక సాయంత్రం ఆ పిల్ల వెక్కిరిస్తే ఈ పిల్ల కొంచెం ఆలస్యంగా నవ్వుతుంది. స్నేహితురాలు కిటికీ వైపు తిరుగుతూ, “ఏందే, నువ్వు గూడ సారువైనవా?” అంటుంది. కథ మొత్తంలో నాయిక ఎదుగుదల గురించి ఎవరైనా అనే మాట ఇదొక్కటే, అదీ మెచ్చుకోలు కాదు. స్నేహితురాలి తప్పేమీ లేదు. రోజుకు రెండు గంటల తోడు, ఒకే రంగు డ్రెస్సులు, దర్గా గురువారాలు అన్నీ జారిపోతున్నాయని ఆమెకు ముందే తెలిసిపోయింది. మంచి రచయిత ఇక్కడ కాసేపు ఆ పిల్ల వైపు నిలబడతాడు. ఎదిగే మనిషి ఒక్కతే సరైనదీ, మిగిలినవాళ్లంతా మొద్దులూ అనే కథలు మనకు చాలినన్ని ఉన్నాయి.

వారం తర్వాత సూపర్‌వైజరు వస్తాడు, రిజిస్టరు వెనక్కి తీసుకుంటాడు. ఇలాంటి కథలు చాలావరకు ఇక్కడే చతికిలబడతాయి. పాత్ర కుమిలిపోతే సుబ్బయ్య అవుతుంది. వ్యవస్థ మొత్తాన్నీ తలలోనే కోసుకుంటూ కూర్చుంటే సీతారామారావు అవుతుంది. ఉద్యోగం మానేసి బస్సెక్కితే మూడో పేజీ కథలోకి మళ్లీ వస్తాం. నేనైతే ఆమెను సీట్లోనే ఉంచుతాను. రెండో గంటలో రోలు మారుస్తారు, లైను ఆగుతుంది, ఆయన అలవాటు ప్రకారం రాయడం మొదలుపెడతాడు. ఆమె చేతిలో డబ్బా కింద పెట్టి అంటుంది:

“సార్, కారణం తప్పు రాస్తున్నరు.”

అప్పటికి మొదలు పూర్తయింది. సారు ఏమంటాడు, పక్క సీటు పిల్ల ఎటు చూస్తుంది, కాంట్రాక్టరు వచ్చే నెల పిలుస్తాడా లేదా అన్నవి తర్వాతి పేజీల సంగతి. మన పిల్లకు పేరు కూడా ఇప్పుడు పెట్టుకోవచ్చు. సారు ఇప్పటిదాకా అడగలేదు, ఇక అడుగుతాడు.